మురికినీళ్ల మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో ఏడాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ప్రిపేర్ అవ్వమంటే వినడంలేదు. సాల్యుబిలిటీ (కరిగే గుణం), వేస్ట్ రీసైక్లింగ్, వాటర్ ట్రీట్‌మెంట్ అంటూ రీసెర్చ్ కబుర్లు చెబుతోంది. మూడు పడవల మీద కాళ్లు పెడుతోందేమోనని మా భయం. - ఒక తండ్రి, నల్గొండ

జవాబు: నల్గొండ అన్నారు కాబట్టి మీ నీళ్లతోనే మొదలుపెడతాను. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం కలిపితే కాల్షియం ఫ్లోరైడ్ తయారై అడుగుకు దిగుతుంది. కానీ అంతా దిగదు. లీటరు నీళ్లలో సుమారు 16 మిల్లీగ్రాములు కరిగే ఉంటుంది. అందులో ఫ్లోరైడ్ వాటా దాదాపు 8 మిల్లీగ్రాములు. తాగునీటికి గరిష్ఠ పరిమితేమో 1.5. సున్నం ఒక్కదాంతో పని జరగదని తేల్చేది సాల్యుబిలిటీయే. అందుకే పటిక కూడా కావాల్సివచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి మీ ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. నీళ్లు బాగుపడ్డాక ఫ్లోరైడ్ పట్టిన బురద మిగులుతుంది. దాన్నేం చేయాలన్నది వేస్ట్ సమస్య. చూశారా, మీ అమ్మాయి ఎక్కింది ఒకే పడవ.

ఇందులో ఉద్యోగాలెక్కడ అంటారా? హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ పరిశ్రమనే చూడండి. చుక్క నీరు బయటికి వదలకూడదంటే ఎంఈఈ అనే యంత్రంలో ఆవిరి చేసి, మిగిలినదాన్ని ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. చివరికి కలగాపులగం ఉప్పు మిగులుతుంది. డబ్బు కట్టి దాన్ని ల్యాండ్‌ఫిల్‌కు పంపాలి. అందులోని సోడియం సల్ఫేట్ 32 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో 50 గ్రాముల దాకా కరుగుతుంది, సున్నాకు దింపితే 5 గ్రాములే. వంటింటి ఉప్పు మాత్రం ఆ రెండు చోట్లా అటూ ఇటూగా 36. ఈ తేడాను పట్టుకుని చల్లబరిస్తే రెండూ విడిపోవాలి. పుస్తకంలో విడిపోతాయి కూడా! అసలు వ్యర్థజలంలో సాల్వెంట్లు, రంగులు, మందుల తునకలు కలిసి ఆ లెక్కను చెడగొడతాయి. అక్కడే రీసెర్చ్ మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. అరటితొక్కల బొగ్గుతో డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన రంగు తీసి పేపర్ వేసే ల్యాబులు కొల్లలు. అలాంటి చోట ఐదేళ్లు పోగొట్టుకోవద్దని చెప్పండి. ఫ్యాక్టరీ నుంచి క్యాన్లలో అసలు నీళ్లు తెప్పించుకునే గైడ్‌ను వెతుక్కోవాలి. తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో, నీటిని వడకట్టే మెంబ్రేన్ల మీద పని జరుగుతోంది. ఐఐటీ హైదరాబాద్, నిట్ వరంగల్ కూడా దగ్గరే. ఎక్కడికెళ్లినా పేరు కన్నా ముందు, ఆ గైడ్ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో అడగమనండి.

డబ్బు సంగతికొస్తే, పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్లతో పోలిస్తే కొన్నేళ్లు వెనకే ఉంటుంది, దాచను. పైథాన్, కెమికల్ ప్లాంట్లను కంప్యూటర్‌లో నడిపిచూసే ఆస్పెన్ ప్లస్ నేర్చుకుంటే మధ్యలో మనసు మారినా దారి మూసుకుపోదు.

ఇప్పుడే అవునో కాదో తేల్చకండి. ఈ వేసవిలో ఏదైనా ఈటీపీలో (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) నెలరోజులు ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. మొదటి వారం ఆ వాసనకు అన్నం సయించదు. రెండో వారం కూడా తనే లేచి బస్సెక్కితే, పీజీ, రీసెర్చ్ సీట్లకు రాసే గేట్ పరీక్ష ఫీజు కట్టేయండి.