జేమ్స్ అంటే 'మోసగాడు' అని అర్థమా? బాబుకి ఆ పేరు పెట్టొచ్చా?

నిశ్చింతగా పెట్టుకోండి. మీ బంధువులు నెట్‌లో చూసి చెప్పిన ఆ 'మోసగాడు' మాట మాకూ ఎదురైంది. మా పెద్దబ్బాయి పేరు జేమ్స్. మా మామగారి పేరు యాకోబు. మనవడికి జేమ్స్ అని పెట్టేసరికి ఆయన పేరు పెట్టలేదని మా అత్తగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. నిజానికి రెండూ ఒకటే పేరు.

హీబ్రూ పేరు యాకోవ్. గ్రీకులో యాకోబోస్, లాటిన్‌లో యాకోబుస్ అయింది. తర్వాతి కాలంలో లాటిన్ మాట్లాడే జనం నోట 'బ' కాస్తా 'మ'గా మారి యాకోముస్ అన్నారు. దాన్నుంచి పాత ఫ్రెంచ్‌లో జేమ్స్ పుట్టి, ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లతో పాటు ఇంగ్లండ్ చేరింది. ఇటలీలో జాకొమో, స్కాట్లాండ్‌లో హేమిష్ కూడా ఈ పేరే. స్పెయిన్‌లోని సాంతియాగో అంటే పరిశుద్ధ యాకోబు.

ఇంగ్లీషు బైబిల్లో ఇస్సాకు కొడుకు జేకబ్. జెబెదయి కొడుకు, అల్ఫయి కొడుకు, ప్రభువు సహోదరుడు మాత్రం జేమ్స్. మన తెలుగు బైబిల్లో ఆ తేడా లేదు, అందరూ యాకోబులే. మత్తయి 4:21ని రెండు బైబిళ్లలో పక్కపక్కన పెట్టి చూపిస్తే మా అత్తగారి మనసు కుదుటపడింది. ఇంగ్లండ్ రాజు జేమ్స్ 1611 నాటి బైబిల్లో తన పేరు పెట్టించుకున్నాడని కొందరు అంటుంటారు. అది తప్పు. 1526లో వచ్చిన టిండేల్ అనే ఆయన ఇంగ్లీషు అనువాదంలోనే ఈ పేరు ఉంది.

ఇక అర్థం సంగతి. ఆదికాండము 25:26 చదవండి. ఇస్సాకు కవల కొడుకుల్లో రెండోవాడు అన్న ఏశావు మడిమె పట్టుకుని పుట్టాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. హీబ్రూలో మడిమెను అకేవ్ అంటారు. మోసం మాట వచ్చేది 27:36లో, అదీ ఏశావు నోట. తండ్రి ఆశీర్వాదం తమ్ముడికి పోయిందన్న కడుపుమంటతో ఆ పేరునే తిప్పి దెప్పుతాడు. ఏశావు కోపంలో అన్న మాటను పేరుకు అసలు అర్థంగా రాసేయడం చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. 'దేవుడు కాపాడుగాక' అనే భావం ఉన్న ఒక పొడవైన పేరుకు యాకోబు అనేది కుదింపు అని చాలామంది పండితుల అభిప్రాయం. మా వాడు అడిగినప్పుడు నేను మడిమె కథ, ఈ అర్థం రెండూ చెప్పాను. 32వ అధ్యాయంలో యాకోబుకి ఇశ్రాయేలు అనే కొత్త పేరు రావడం కూడా చదివించాను.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో యాకోబు అని పిలుచుకున్నా, బర్త్ సర్టిఫికెట్‌లో, బాప్తిస్మం సర్టిఫికెట్‌లో ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోండి. లేకపోతే స్కూల్లో చేర్పించేటప్పుడు, పాస్‌పోర్ట్ తీసుకునేటప్పుడు అనవసరమైన టెన్షన్.