ద్వారా, తో, చేత

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మనుషులు బాగా కుదిరారు. కానీ పేజీపేజీకీ 'ద్వారా' అడ్డొచ్చింది. దాని గురించే ఈ ఉత్తరం.

సంస్కృతంలో 'ద్వార్' అంటే వాకిలి, 'ద్వారా' అంటే వాకిలి గుండా. ఏదైనా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటి వెళ్లేటప్పుడు ఆ మాట చక్కగా అతుకుతుంది. కాలువ ద్వారా నీళ్లొస్తాయి, మధ్యవర్తి ద్వారా కబురందుతుంది. కత్తి ద్వారా మాత్రం ఎవరూ కొయ్యరు, కత్తితో కోస్తారు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని కరణాన్ని (పనికి వాడే సాధనాన్ని) 'సాధకతమం' అన్నాడు, అంటే పని నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది. తెలుగులో ఆ బరువు మోసేది 'తో'. ఇక 'కష్టపడటం ద్వారా గెలిచింది' అని రాశావు. 'కష్టపడి గెలిచింది' అంటే చాలదూ? ఎలా గెలిచిందో ఆ 'పడి'లోనే ఉంది.

నా అసలు పట్టింపు మనుషుల దగ్గర. 'చెల్లెలి ద్వారా ఉత్తరం రాయించాడు' అన్నావు. 'చెల్లెలిచేత రాయించాడు' అంటే కలం పట్టింది ఆమె, ఇష్టం మాత్రం అన్నయ్యది. 'చెల్లెలు రాసిచ్చింది' అంటే ఇష్టంలో ఆమెకూ పాలుంది. 'చెల్లెలి ద్వారా పంపాడు' అంటే ఆమె ఒట్టి దారి. ఉత్తరం అదే, ఆ పిల్లకు కథలో దక్కే చోటే మారిపోతుంది. అన్న చెప్పింది చెప్పినట్టు రాసిందా? ఎక్కడైనా కలం ఆగిందా? ఒక మాట తనంతట తాను మార్చిందా? ఇవి తేల్చుకోకుండా 'ద్వారా' అని దాటేశావు. అక్కడే నా మనసుకు కష్టమనిపించింది, ఎందుకంటే ఆ పిల్ల నీ కథలో అందరికన్నా ప్రాణమున్న మనిషి.

గీత 11వ అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి నిమిత్తమాత్రుడివి కమ్మంటాడు. సాధనంగా ఉండమని ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? అదే కృష్ణుడు 18వ అధ్యాయంలో, అంతా చెప్పడం అయ్యాక, ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. నిమిత్తమైనవాడికి కూడా ఇష్టం ఉంటుందన్నమాట. చెల్లెలికీ ఆ అవకాశం ఇవ్వు. ఆమె ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, విసుక్కుంటూ రాయొచ్చు. ఏదైనా సరే, అది ఆమె నిర్ణయంగా కనబడాలి.

ప్రత్యయాల టెన్షన్ పెట్టుకోకు. ఎవరి ఇష్టంతో పని జరిగిందో నీకు తెలిస్తే సరైనది దానంతటదే వస్తుంది. ఆ ఉత్తరం ఘట్టం ఒక్కటీ తిరగరాసి పంపు. మిగతా కథ జోలికి ఇప్పుడు వెళ్లకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి