విపశ్యన సెంటర్‌లో నెలల తరబడి సేవకు వెళ్తే పనికీ, గదికీ అలవాటు పడగలనా?

ఉద్యోగం మానేసి ఆరు నెలలు విపశ్యన ధ్యాన సెంటర్‌లో సేవ (అంటే జీతం లేకుండా వంటా, శుభ్రం లాంటి పనులు) చేద్దామనుకుంటున్నా, పనీ గదీ అలవాటు కాక మధ్యలో వచ్చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది అని అడిగారు. నేను మన వైపే ఒక సెంటర్‌లో అలా కొన్ని నెలలు ఉన్నాను కాబట్టి చెప్తున్నా. తెల్లవారుజామున నాలుగింటికి కొట్టే గంట గురించి బెంగ వద్దు, దానికి ఒళ్లు త్వరగానే అలవాటు పడుతుంది. కష్టమంతా మనుషులతోనే.

సాధకుడిగా పది రోజుల ధ్యానం కోర్సులో కూర్చున్న అనుభవంతో సేవను ఊహించుకోకండి. అప్పుడు మౌనం ఉంటుంది, మీ పళ్లెం మీరు కడుక్కుంటే పని అయిపోయినట్టే. సేవకులకు ఆ మౌనం లేదు, పని కోసం మాట్లాడుకోవాల్సిందే, మాట ఉన్నచోట చిరాకులూ ఉంటాయి. ఆరున్నరకి టిఫిన్, పదకొండుకి భోజనం, సాయంత్రం ఐదుకి టీ, మరమరాలు. వీటి మధ్యలో ఎనిమిదికి, రెండున్నరకి, ఆరుకి గంటేసి సేపు సేవకులు కూడా హాల్లో ధ్యానానికి కూర్చోవాలి. ఉప్మా గిన్నెలు కడిగి చేతులు తుడుచుకునేలోపే ఎనిమిది అవుతుంది, తొమ్మిదికి బయటికొచ్చాక పదకొండు దాకా పరుగే, ఎందుకంటే అక్కడ పదకొండంటే పదకొండే.

ఇంకో సంగతి, చాలా సెంటర్లలో జీతానికి పనిచేసే వంటవాళ్లు ఉంటారు, ఏళ్లుగా అక్కడే ఉంటారు, వాళ్లముందు మనం కొత్తవాళ్లం. ఆఫీసులో పదిమందిని నడిపించి వచ్చినవాళ్లకి ఇది బాగా తగులుతుంది. నాతోపాటు ఉన్న ఒకాయన వచ్చిన వారంలోనే సరుకులకి ఎక్సెల్ షీట్ తయారుచేశాడు, వంటమ్మ దానివైపు చూడను కూడా చూడలేదు, పప్పు ఎంత పొయ్యాలో ఆవిడ చేతికి తెలుసు మరి. మొదట్లో కూరగాయలు తరగండి, గుండిగలు తోమండి, సలహాలు తర్వాత. ఏదైనా గొడవైతే లోపల పెట్టుకోకండి. రాత్రి తొమ్మిదికి సేవకులంతా టీచర్ దగ్గర మైత్రి సాధనకి, అంటే అందరి మేలూ కోరుతూ చేసే ధ్యానానికి కూర్చుంటారు, అక్కడ చెప్పొచ్చు.

గది విషయం వెళ్లేముందే అడిగి తెలుసుకోండి. సొంత గది ఇస్తారా, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండాలా, కోర్సుకి జనం ఎక్కువైతే మారమంటారా? నన్నయితే రెండుసార్లు మార్చారు, సామాను తక్కువ కాబట్టి బతికిపోయాను. ఆడవాళ్లకీ మగవాళ్లకీ బస వేరువేరు, భార్యాభర్తలు కలిసి వెళ్లినా అంతే. నా గదిలో ఉన్నాయన సాధనలో నాకన్నా చాలా ముందున్న మనిషి, కానీ మూడున్నరకే ట్యూబ్‌లైట్ వేసేవాడు. కొన్నాళ్లు పళ్లు బిగబట్టి, ఆఖరికి అడిగేశాను. “అయ్యో, చెప్పొద్దా అండీ” అని మర్నాటి నుంచి టార్చ్ వాడాడు. ఫ్యాన్ స్పీడు సంగతి మాత్రం చివరిదాకా తేలలేదు.

ఎక్కువమంది డీలా పడేది కోర్సులో కాదు, రెండు కోర్సుల మధ్య. పదకొండో రోజు పొద్దున టిఫిన్ చేసి సాధకులు వెళ్లిపోతారు, ఒక్కసారిగా ఆవరణంతా ఖాళీ. దుప్పట్లు ఉతికించడం, పరుపులు ఎండబెట్టడం, బాత్రూములు కడగడం, సరుకులు లెక్క చూడడం అప్పుడే. పైగా దినచర్య సడలడంతో ఇల్లు గుర్తొస్తుంది, ఫోన్ చేతికి వస్తుంది, ఇక పాత ఆఫీసు గ్రూపులు చూడడం మొదలు. ఆ రోజుల్లో కనీసం ఒక పూట నాకు సెలవు కావాలని నోరు తెరిచి అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

డబ్బు సంగతి. తిండికీ బసకీ ఏమీ తీసుకోరు, పనికీ ఏమీ ఇవ్వరు. ఫోన్ రీఛార్జి, మందులు, సబ్బులు, బస్సు ఛార్జీలు మీవే. ఈఎంఐలు ఉంటే మాత్రం ఇప్పుడు వద్దు, కళ్లు మూసుకున్నా అవే కనిపిస్తాయి. అద్దె తప్పుతుందని వెళ్లాలనుకున్నా వద్దు, అలా వచ్చినవాళ్లని అక్కడివాళ్లు ఇట్టే పసిగడతారు.

పది రోజుల కోర్సు పూర్తిచేసి ఉంటేనే సేవకి తీసుకుంటారు, అది మీకు తెలిసే ఉంటుంది. నన్నడిగితే ఆరు నెలలని ముందే మాటివ్వకండి. వనస్థలిపురం వైపు 1976 నుంచి నడుస్తున్న ధమ్మ ఖేత్త అనే సెంటర్ ఉంది, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉన్నాయి, మీకు దగ్గరున్నదాంట్లో ముందు ఒక్క కోర్సుకి సేవ చేయండి, తర్వాత సాధకుడిగా ఒక కోర్సు కూర్చోండి, అప్పుడు మేనేజర్‌తో నెలల సంగతి మాట్లాడండి. వెళ్లేటప్పుడు టార్చ్, దోమతెర, చెవుల్లోకి దూది మర్చిపోకండి.