మామూలు మనుషులకు మానసిక ప్రథమ చికిత్స ట్రైనింగ్ ఇప్పిస్తే పనికొస్తుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా యూత్ సంఘంలో ఆత్మహత్య వల్ల ఒక దోస్తును పోగొట్టుకున్నాం. ఇంకొకరికి అట్లా కాకూడదని ఒక 20 మందికి ఈ ట్రైనింగ్ ఇప్పిద్దామంటే పెద్దమనుషులు వద్దంటున్నారు. డాక్టర్లు చేసే పని మీకెందుకు, ఒక మాట అటూ ఇటూ అయితే మీ మీదికే వస్తది అంటున్నారు. ఎవరైనా తీసుకున్నవాళ్లుంటే చెప్పండి.

జవాబు:

నేను తీసుకున్నాను. నాది నర్సంపేట వైపు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు. కొన్నేళ్ల కింద ఒక స్వచ్ఛంద సంస్థ మా మండలంలో ఈ ట్రైనింగ్ పెట్టి, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల లీడర్లతో పాటు మా డీలర్లను కూడా రమ్మంది. మందు అమ్ముకునేటోణ్ని, నాకెందుకు ఇదంతా అనుకుంటూనే పోయాను. కానీ ఆలోచిస్తే పిలవాల్సిన వాళ్లలో మేమే ముందుండాలి, ఆ పురుగుమందు డబ్బా ఎవరింటికి పోయినా మా కౌంటర్ మీది నుంచే కదా పోయేది.

మీ పెద్దమనుషులకు ఒక మాట చెప్పండి. ఈ ట్రైనింగ్‌తో ఎవరూ డాక్టర్లు కారు. జబ్బుకు పేరు పెట్టడం, గోలీలు చెప్పడం మీ పని కాదని మొదట్లోనే చెప్పేస్తారు. మనిషి తేడాగా ఉన్నాడని గుర్తుపట్టడం, దగ్గర కూర్చొని మాట్లాడించడం, సరైన చోటికి చేర్చడం, అంతవరకే. పొలంలో ఎవరినైనా పాము కరిస్తే డాక్టర్ వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడతామా, ఇదీ అట్లాంటిదే.

ఈ పద్ధతి ఆస్ట్రేలియాలో 2000లో మొదలైంది. బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆమె భర్త ప్రొఫెసర్ టోనీ జోర్మ్ కలిసి తయారు చేశారు. ఆమె తానే డిప్రెషన్ అనుభవించిన మనిషి. అక్కడ కోర్సు 12 గంటలు ఉంటుంది, మాకు కుదించి చెప్పారు. ముందు పలకరించి ప్రాణానికి ముప్పు ఉందా లేదా చూడాలి, తర్వాత తప్పొప్పులు ఎంచకుండా వినాలి, ధైర్యం చెప్పి తెలిసిన సమాచారం ఇవ్వాలి, డాక్టర్ దాకా పోయేటట్టు ఒప్పించాలి, ఇంటివాళ్లనో దోస్తులనో తోడు పెట్టాలి. కాగితం మీద ఇంతే, చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది.

అసలు కష్టం వినడం దగ్గర వచ్చింది. మాతో నాటకం వేయించారు, ఒకరు బాధలో ఉన్న మనిషి, ఇంకొకరు సాయం చేసే మనిషి. షరతు ఒక్కటే, ఐదు నిమిషాల దాకా సలహా ఇవ్వకూడదు, అడగడం, వినడం మాత్రమే. రిటైర్డ్ సారు ఒకాయన కౌలు రైతుగా కూర్చొని, తల వంచుకొని, "పంట పోయింది, మిత్తి పెరుగుతుంది, ఇంట్ల మొఖం చూపెట్టలేకపోతున్న" అన్నాడు. ఎదురుగా ఉన్న కిరాణం అక్క అర నిమిషం ఓపిక పట్టి, "అట్లంటే ఎట్లనే అన్నా, పిల్లల మొఖం చూసన్నా బతకాలె గదా" అనేసింది. ట్రైనర్ ఆపి, ఇప్పుడు మీకేమనిపించింది సార్ అని సారును అడిగితే, ఆయన నిజంగానే మొహం ముడుచుకొని, "ఇగ చెప్పబుద్ధి కాలేదమ్మా" అన్నాడు. హాలంతా చప్పుడు లేదు. నీకేం తక్కువ, మనకంటే కష్టాలున్నోళ్లు లేరా, ధైర్యంగా ఉండు, ఎక్కువ ఆలోచించకు... మనం రోజూ ప్రేమతోనే అనే మాటలన్నీ ఆ రోజు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, అవి అవతలి మనిషి నోరు ఎట్లా మూయిస్తాయో కళ్లారా చూశాం. అందుకే అంటున్నా, స్టేజీ మీద మైకు పట్టుకొని లెక్చర్ ఇచ్చి సర్టిఫికెట్లు పంచే ట్రైనింగ్ అయితే అస్సలు పెట్టించకండి, టీ బిస్కెట్ల ఖర్చు దండగ.

ఒక మాట అటూ ఇటూ అయితే అన్న భయం దగ్గరికి వద్దాం. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ ఉంటుంది. అది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, సూటిగా అడిగితే మనిషికి కొంత బరువు దిగుతుంది, ఇంకో దారి ఆలోచించడానికి టైమూ దొరుకుతుంది. "పిచ్చి పని ఏం చేయవు కదా" అని అడగొద్దు, దానికి ఎవరైనా "చేయను" అనే చెప్తారు.

నా షాపులోనే ఒకసారి జరిగింది, మనిషి ఎవరో తెలియకుండా చెప్తాను. పత్తి ఏరడం అయిపోయి చేన్లు ఖాళీగా ఉన్న రోజులు, షట్టర్ దించే టైం. తెలిసిన ఆయనే వచ్చి మందు కావాలన్నాడు. ఏ చేనుకే అన్నా అంటే ఏదో ఒకటియ్యి అన్నాడు, ఏ పురుగు అంటే చెప్పడు, ఎప్పుడూ పది రూపాయల కోసం కొట్లాడే మనిషి రేటు అడగలేదు. మందు అయిపోయింది, పొద్దున తెప్పిస్తా, చాయ తాగి పో అని యూరియా బస్తాల మీద కూర్చోబెట్టాను. చాయ చల్లారింది కానీ తాగలేదు. కొంచెంసేపు చూసి, "అన్నా, చచ్చిపోదామనుకుంటున్నవా" అని అడిగేశాను. ఏడ్చాడు. తర్వాత చాలాసేపు ఆయనే మాట్లాడాడు, నేను ఊ కొట్టడం తప్ప చేసిందేమీ లేదు. ఎవరికి ఫోన్ చేయమంటవు అంటే బామ్మర్ది పేరు చెప్పాడు. అతను వచ్చేలోపు 14416 హెల్ప్‌లైన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దని, ఇంట్లో మందు డబ్బాలుంటే తీసి వేరేచోట పెట్టాలని బామ్మర్దికి చెప్పి పంపించా. పొద్దున ఇద్దరూ వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోయి మానసిక వైద్య విభాగంలో చూపించుకున్నారు. ఇప్పుడాయన నా షాపుకు రాడు, మొహమాటమో ఏమో, వేరే షాపులో కొంటాడు. బస్టాండులో కనబడితే తలూపుతాడు.

14416 అంటే టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా అప్పటికే ఏదైనా చేసుకుంటే మాత్రం మాటలు వద్దు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. పోలీసు కేసు అవుతుందని కొందరు ఇంట్లోనే దాచి నాటు వైద్యం చేస్తారు, ప్రాణాలు పోయేది అక్కడే. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసు అని రాసుకుంటారు, నిజమే. కానీ వేరేగా రుజువు కానంతవరకు అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారణ పెట్టి శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. ఇది మీ సర్పంచ్‌కు కూడా చెప్పి పెట్టండి.

ఎవరికో చెవిలో మాటలు వినబడుతున్నాయని, గాలి సోకిందని, చేతబడి అని ఊర్లో గుంపు చేరుతుంది కదా, దాని గురించీ నేర్పించారు. గుంపును పంపించేయాలి, గొంతు తగ్గించాలి, ఆ మాటలు అబద్ధమని వాదించకూడదు, అట్లని అవునవునని తాళమూ వేయకూడదు, కట్టేయడం అస్సలు కూడదు. ఎర్రగడ్డకు పంపాలె అనే జోకు మాత్రం దయచేసి మీ సంఘంలో ఇవాళ్టి నుంచే ఆపండి, ఆ జోకు విన్నవాడు ఆస్పత్రి గడప తొక్కడు.

ఇక ఫలితం సంగతి దాచకుండా చెప్తాను. ఈ ట్రైనింగ్ తీసుకున్నవాళ్లకు అవగాహన, ధైర్యం పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది, కానీ సాయం అందుకున్నవాళ్లకు ఎంత మేలు జరిగిందో అంత గట్టిగా ఇంకా తేలలేదు. మామూలు మనుషులకు ఇంకా లోతుగా నేర్పి, పైన డాక్టర్ల పర్యవేక్షణ పెట్టిన చోట మాత్రం మంచి ఫలితాలు వచ్చాయి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే డాక్టర్ అమ్మమ్మలకు నేర్పించి ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు, మన గోవాలో కూడా డాక్టర్లు కాని కౌన్సెలర్లతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్‌కు ఇట్లాగే చేసి చూశారు. ఇంకోటి, నా వ్యాపారానికి దెబ్బే అయినా చెప్పాలి. శ్రీలంకలో 1995 నుంచి బాగా విషమున్న పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తే ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. అంత పని మన 20 మందితో కాదు, అందుకని మన పని మానుకోవాల్సిన అవసరమూ లేదు.

ఆ 20 మందిని ఎంచుకునేటప్పుడు బాగా చదువుకున్నవాళ్లని, మాటకారులని చూడకండి. జనం ఊరికే వచ్చి కూర్చునేది ఎవరి దగ్గరో చూడండి, చాయ హోటలాయన, కటింగ్ షాపు తమ్ముడు, సంఘం అక్క, ఆశా వర్కర్, పురుగుమందుల షాపోళ్లు. చెప్పిన మాట కడుపులో దాచుకోలేని మనిషి ఎంత మంచోడైనా వద్దు. ట్రైనింగ్ ఇచ్చేవాళ్లను, ఆర్నెల్లకు మళ్లీ వస్తారా, మాకు ఏదైనా కేసు ఎదురైతే ఎవరికి ఫోన్ చేయాలి అని ముందే అడగండి. అవతలివాళ్ల బాధ విని విని మనకూ నిద్ర పట్టని రోజులుంటాయి, అప్పుడు మాట్లాడుకోవడానికి ఇద్దరిద్దరు జతగా ఉంటే మంచిది. తేదీ మాత్రం పత్తి ఏరే సీజన్‌లో పెట్టకండి, ఫ్లెక్సీ కట్టిన మీరు తప్ప ఎవరూ రారు.