చెప్పి మూసెయ్యి తమ్ముడూ

విజయనగరం
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య ఆశీస్సులు.

రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. "అక్కయ్యా, ఇంక నా వల్ల కాదు. ఎవరికీ చెప్పకుండా గ్రూపు డిలీట్ చేసేసి పడుకుందామనుంది" అన్నావు. కాఫీ పక్కన పెట్టి ముందు మీ బాలు అభిమానుల గ్రూపు ఉందో లేదో చూశాను. ఉంది. ఎవరో గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టారు, దాని కింద ఇంకొకాయన "ఇది పాటల గ్రూపా, పూల కొట్టా" అని విరుచుకుపడ్డాడు. హమ్మయ్య అనుకున్నాను.

మూసెయ్యొద్దని నచ్చజెప్పడానికి రాయడం లేదు. మూసెయ్యి. పద్నాలుగేళ్లు నడిపావు. 2020 సెప్టెంబరు 25న బాలు పోయాక జనం ఎలా వచ్చి పడ్డారో, వాళ్లలో సగం మంది ఆర్నెల్లకి ఎలా మాయమయ్యారో, మిగిలినవాళ్లు ఘంటసాల గొప్పా బాలు గొప్పా అని నీ వాకిట్లో ఎలా కొట్టుకున్నారో నాకు తెలుసు. ఆ కొట్టుకున్నవాళ్లలో మా ఘంటసాల గ్రూపువాళ్లూ ఉన్నారు, దానికి సిగ్గుపడుతున్నాను. నీ భార్య "భోజనం దగ్గర కూడా ఆ ఫోనేనా" అందని రాశావే, ఆ అమ్మాయి చెప్పింది నిజం. అలసిపోవడం తప్పు కాదు. రాత్రికి రాత్రి చెప్పాపెట్టకుండా వెళ్లిపోవాలనుకోవడమే నాకు నచ్చలేదు.

ఎందుకంటే అలాంటి పనే మేం ఒకసారి చేశాం. కావాలని కాదు, బద్ధకం వల్ల.

మా గ్రూపు 2001లో, మెయిళ్లతో నడిచే యాహూ గ్రూప్స్‌లో మొదలైంది. అప్పట్లో తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలోనూ కనిపించేవి కావు. ఘంటసాల పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి పంపుకునేవాళ్లం. 'ళ'కి పెద్ద ఎల్లు, 'ణ'కి పెద్ద ఎన్ను. ఒక్క పాటలో ఒక్క మాట సరిగ్గా వినబడక మూడు వారాలు వాదించుకున్న రోజులున్నాయి. ఒకాయన పాత పాటల పుస్తకం వెతికి తెచ్చేవాడు, ఇంకొకాయన అందులోనే అచ్చుతప్పు ఉందనేవాడు, అమెరికాలో ఉన్న డాక్టరుగారు ప్లేటు మళ్లీ మళ్లీ వేసుకుని విని తీర్పు చెప్పేవారు. అలా ఒక్కొక్కటీ సరిచూసుకున్న పాటలు ఎనిమిదేళ్లపాటు పోగయ్యాయి. తర్వాత అందరం ఫేస్‌బుక్‌కి వచ్చేశాం, పాత ఇంటి వైపు చూసినవాళ్లు లేరు. యాహూ వాళ్లు పాతవన్నీ తీసేస్తామని 2019 అక్టోబరులోనే ప్రకటించారు, దింపుకోవడానికి గడువూ ఇచ్చారు. గ్రూపు తాళం, అంటే పాస్‌వర్డ్, మొదలుపెట్టిన మిత్రుడి దగ్గర ఉండేది. ఆయన అంతకు రెండేళ్ల ముందే కాలం చేశారు. వాళ్లబ్బాయిని అడగడానికి మొహమాటపడ్డాను. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగా గడువు దాటిపోయింది. 2020 డిసెంబరు 15న యాహూ గ్రూప్స్ పూర్తిగా మూతపడింది. ఇప్పుడు మాకు మిగిలినవి కొందరి పాత మెయిళ్లలో దొరికిన ముక్కలే. తప్పు అచ్చంగా మాదే, ముఖ్యంగా నాది.

అందుకే, మూసేస్తున్నామని ప్రకటించే ముందే దాచవలసినవి దాచు. ప్రకటించాక నీకు తీరికుండదు, జనానికి జవాబులు చెప్పడంతోనే సరిపోతుంది.

అన్నీ దాచాలని కూర్చోకు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, కొట్లాటలు వదిలెయ్. ఇంకెక్కడా దొరకనివి చూడు. మీవాళ్లు స్కాన్ చేసిన పాటల పుస్తకాలు, క్యాసెట్ అట్టల ఫొటోలు, ఏ పాట ఏ సంవత్సరం అని మీరు తేల్చిన జాబితా, కచేరీలు చూసినవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు. వాట్సాప్‌లో ఉన్నదాన్ని ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జాగ్రత్త. ఫొటోలతో కలిపి అయితే చివరి 10,000 మెసేజ్‌లు, అవి లేకుండా అయితే 40,000 వరకే వస్తాయి. నీ గ్రూపులో అది ఏడాది సరుకు కూడా కాకపోవచ్చు. పాతవి కావాలంటే పైకి జరుపుకుంటూ చేత్తో ఏరుకోవలసిందే. ఇద్దరు ముగ్గురికి నెలలవారీగా పంచి ఇయ్యి. ఫైలు పేరులో పాట, సినిమా, సంవత్సరం, పంపిన మనిషి ఉండాలి. 'ఐఎంజీ' అని మొదలయ్యే ఫైళ్లు వెయ్యి దాచినా ఒకటే, పారేసినా ఒకటే. అన్నీ అయ్యాక మూడు చోట్ల పెట్టు. అందులో ఒకటి నీ ఇంట్లో కాకుండా ఇంకొకరి ఇంట్లో ఉండాలి.

జ్ఞాపకాలు రాసినవాళ్లని మాత్రం ఒక్కొక్కరినీ అడుగు. నమ్మకంతో గ్రూపులో చెప్పుకున్న మాటలవి. ఒకావిడ తన భర్త ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఏ పాట వింటూ కూర్చుందో రాసింది, నీకు గుర్తుండే ఉంటుంది. అది బయట పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

పాటల ఆడియో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీవాళ్లు ఎవరో "మొత్తం పాటలన్నీ ఒకచోట ఎక్కించి అందరికీ ఇచ్చేద్దాం" అంటారు, ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. వద్దను. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1964లో వచ్చిన రికార్డుకి 2024తో తీరింది. సాహిత్యానికీ స్వరానికీ లెక్క వేరు, రాసిన మనిషి పోయాక 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి ఆయన పాటల మాటలకి 2031 చివరి దాకా గడువుంది. బాలు సినిమాలకి పాడ్డం మొదలుపెట్టిందే 1966 చివర్లో. ఆయనవి దాదాపు అన్నీ ఇంకా గడువులోనే ఉన్నాయి. నీ జాబితా నీది, దాన్ని పంచు. పాటలు వేరేవాళ్లవి.

ఇక మనుషులు. అసలు కష్టం ఇక్కడే.

ముందు తోటి అడ్మిన్లకి ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోను. "నేను ఆపేస్తున్నాను, మీరేమంటారు" అని అడుగు. మూసెయ్యాలా వద్దా అని గ్రూపంతటినీ ఓటు అడక్కు. పని చేసేది నలుగురు, ఓటేసేది నాలుగు వేల మంది. వద్దు వద్దు అని చేతులెత్తినవాళ్లలో ఒక్కరూ మర్నాడు పని చెయ్యడానికి రారు. ఇది నా అనుభవం. కటువుగా ఉందనుకుంటే అనుకో.

"నేను నడుపుతా, నాకిచ్చెయ్" అని ఒకరు ముందుకొస్తారు. సంతోషమే గానీ వెంటనే తాళాలు ఇచ్చెయ్యకు. మేం ఒకసారి ఇచ్చాం. ఉత్సాహవంతుడు, మంచి మాటకారి. నాలుగు నెలలకి మా ఘంటసాల గ్రూపులో ప్లాట్ల అమ్మకాలు మొదలయ్యాయి. "రోడ్డు పక్కనే, రిజిస్ట్రేషన్‌కి సిద్ధం" అని, పైన మాస్టారి ఫొటో. మళ్లీ లాక్కోవడానికి పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. అడిగినవాళ్లకి మూడు నెలలు రోజువారీ పని అప్పజెప్పి చూడు. నిలబడితే కొత్త పేరుతో కొత్తది మొదలుపెట్టుకోమను, మనవాళ్లకి పరిచయం చెయ్యి. పాత పేరు మాత్రం పాతదానితోనే పోనీ.

తర్వాత ఇంకొన్ని ఫోన్లు ఉన్నాయి. ప్రకటనలో చదివి తెలుసుకోకూడని మనుషులు కొందరుంటారు. మాకు ఒక పెద్దాయన ఉండేవారు, రిటైరైన రైల్వే ఉద్యోగి. భార్య పోయింది, పిల్లలు దూరం. రోజూ తెల్లవారి ఐదున్నరకి ఒక పాట, దాని గురించి నాలుగు వాక్యాలు. తొమ్మిదేళ్లలో ఆయన తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. తప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ చేసి "బాగున్నారా మాస్టారూ" అని అడిగేవాళ్లం. మా గ్రూపు మూసేస్తున్నానని నేను ఫోన్‌లో చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పొద్దున్నే పాట ఎవరికి పెట్టను తల్లీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మూసేద్దామన్న ఆలోచన ఆ క్షణంలో దాదాపు మానుకున్నాను కూడా.

మానుకోలేదు. రెండు రోజులాగి మళ్లీ ఫోన్ చేశాను. ఆయన పాటకి రోజూ జవాబిచ్చేది ఎవరెవరో వెనక్కి వెళ్లి చూస్తే తేలింది నలుగురే. వేలమందిలో నలుగురు! ఆ నలుగురినీ అడిగి, ఆయనతో కలిపి ఐదుగురికి ఒక చిన్న గ్రూపు పెట్టించాను. నేను అందులో లేను. అడ్మిన్‌గా కూడా లేను. ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. నీ గ్రూపులోనూ ఇలాంటివాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. ఎవరో నీకే తెలుస్తుంది, నన్నడక్కు. వాళ్లకి ముందు దారి చూపించు.

ఇవన్నీ అయ్యాక ప్రకటించు. మూడు నెలల గడువు పెట్టు. ఫేస్‌బుక్ లాంటిదే ఆర్కుట్ అని ఉండేది, దాన్ని మూసినప్పుడు గూగుల్ వాళ్లు 2014 జూన్ 30న చెప్పి సెప్టెంబరు 30న మూశారు. అంత పెద్ద ఊరు ఖాళీ చెయ్యడానికి మూడు నెలలు సరిపోయాయి, నీకూ సరిపోతాయి. తక్కువైతే జనం ఉక్కిరిబిక్కిరవుతారు, ఎక్కువైతే మర్చిపోయి చివరి వారంలో లేస్తారు. ప్రకటన చిన్నదిగా రాయి. కారణం ఒక్క వాక్యం చాలు, "ఇంక నడిపే ఓపిక లేదు" అను. కొట్లాటల మాట ఎత్తావంటే ఎవరి వల్ల అన్న కొత్త కొట్లాట మొదలవుతుంది.

మొదటి వారం పొగుడుతారు. రెండో వారం "ఇదేమైనా నీ సొంత ఆస్తా" అంటారు. జవాబివ్వకు. మూడో వారానికి సర్దుకుంటారు, ఎవరికి వాళ్లు ఫోన్ నంబర్లు మార్చుకుంటూ ఉంటారు.

తేదీ విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, నవ్వుకో. ఘంటసాల పుట్టింది 1922 డిసెంబరు 4. శతజయంతి దాకా లాగి, ఆ తర్వాత ఆయన వర్ధంతి రోజు, 2023 ఫిబ్రవరి 11న, మూసేద్దామని మహా అర్థవంతంగా ఉంటుందనుకుని ప్రకటించాను. ఒకావిడ ఫోన్ చేసి "ఆ రోజు ఆయన కోసం ఏడవాలా, గ్రూపు కోసం ఏడవాలా?" అంది. నిజమే కదా. మార్చి 19కి మార్చాను, ఉగాదికి ముందు వచ్చే ఆదివారం. ఏ విశేషమూ లేని రోజు. నువ్వు కూడా బాలు పుట్టినరోజు జూన్ 4 జోలికీ, ఆయన పోయిన సెప్టెంబరు 25 జోలికీ పోకు. వచ్చే ఏళ్లలో ఆ రోజులు ఆయనవిగానే ఉండాలి.

డబ్బు సంగతి త్వరగా తేల్చు. రెండేళ్ల కింద కచేరీకి వసూలు చేసినదాంట్లో కొంత నీ ఖాతాలోనే ఉందని ఒకసారి అన్నావు. పైసాతో సహా లెక్క రాసి గ్రూపులో పెట్టు, తర్వాత ఏం చేద్దామని అడుగు. మాకు 18,640 రూపాయలు మిగిలింది. ఒక సంగీత పాఠశాలలో హార్మోనియం బాగు చేయించాం, బిల్లు ఫొటో తీసి పెట్టాం. బిల్లు పెట్టాక కూడా ఒకాయన "మూడు వందలు ఎక్కువ తీసుకున్నాడు" అన్నాడనుకో, అది వేరే విషయం.

చివరి రోజు పెద్ద ఉపన్యాసం వద్దు. పనిచేసినవాళ్ల పేర్లు రాయి. తనకి తొలి అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి పేరుని బాలు తన స్టూడియోకే పెట్టుకున్నాడు కదా. ఆయన అభిమానులు పేర్లు మర్చిపోతే బాగోదు. రాత్రి తొమ్మిదికి ఫేస్‌బుక్ గ్రూపుని పాజ్‌లో పెట్టు. పాతవి చదువుకోగలుగుతారు, కొత్తవి పెట్టలేరు. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చు. డిలీట్ మాట ఏడాది తర్వాత. నీ చిన్న సైటు ఉంది చూడు, దాని పేరుకి, అంటే డొమైన్‌కి, ఇంకో ఐదేళ్ల డబ్బు కట్టెయ్. మేం కట్టడం మానేస్తే ఎవరో కొనుక్కున్నారు. ఇప్పుడక్కడ పేకాట ప్రకటనలు వస్తున్నాయి, మా పాత లింకులన్నీ అక్కడికే పోతున్నాయి. కుదిరితే ముఖ్యమైన పేజీలు, పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఒక్కొక్కటీ సేవ్ చెయ్యి.

ఆ తర్వాత కొన్నాళ్లు చెయ్యి ఊరికే ఫోన్ మీదికి పోతుంది. పొద్దున్న లేవగానే ఎవరు ఏం పెట్టారో, ఎవరిని తీసెయ్యాలో అని. నాకు రెండు నెలలు పట్టింది. ఆర్నెల్ల దాకా కొత్తది ఏదీ మొదలుపెట్టనని ఇంట్లో మాటియ్యి. ఒక రోజు వంటింట్లో రేడియోలో మాస్టారి పాట వస్తే పూర్తిగా విన్నాను. ఏ సంవత్సరం, ఎవరు రాశారు, గ్రూపులో పెట్టాలా అన్న ఆలోచనే రాలేదు. చారు పొంగిపోయింది.

సంగీత కళాశాల వైపు నడక మళ్లీ మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఘంటసాల ఈ ఊళ్లో వారాలూ మాధుకరమూ చేసుకుని సంగీతం నేర్చుకున్నాడు కదా, ఆ వీధుల గురించి ఇరవై ఏళ్లు రాశాను గానీ నడిచింది తక్కువ.

ముందు ఫోన్ చెయ్యవలసిన వాళ్ల జాబితా, ప్రకటన ముసాయిదా రాసి నాకు పంపు. అక్షర దోషాలు చూసి పెడతాను, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పాటల పుస్తకాల స్కాన్లు ఒక పెన్ డ్రైవ్‌లో వేసుకురా, మూడో కాపీ మా ఇంట్లో ఉంచుతాను. మీ ఆవిణ్ణీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ అక్కయ్య