ముందు రీజన్ కాలమ్ చూడు

అమ్మడూ,

మీ యూనివర్సిటీ క్లస్టర్ (చాలా కంప్యూటర్లను కలిపి కట్టిన పెద్ద సిస్టమ్) ఇక నువ్వే చూసుకోవాలని అక్క ఫోన్‌లో చెప్పింది. "పిన్నీ, రూట్ పాస్‌వర్డ్ ఇచ్చారు, అదొక్కటే ఇచ్చారు" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి నవ్వొచ్చింది. చాలాచోట్ల అంతే, డాక్యుమెంటేషన్ అడిగితే పాత అడ్మిన్ ఫోన్ నంబర్ ఇస్తారు.

క్లస్టర్‌లో ఎవరి పని ఎప్పుడు, ఎక్కడ నడవాలో వరసపెట్టే సాఫ్ట్‌వేర్ మీ దగ్గర స్లర్మ్ కాబట్టి ఆ మాటల్లోనే చెబుతాను. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్‌లోనూ ఉన్నది అదే, ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది. కమాండ్లు నేనివ్వక్కర్లేదు, మాన్యువల్ పేజీల్లో ఉన్నాయి. ఏది కొట్టేముందు ఏం చూడాలో అక్కడ రాయరు, అది చెబుతాను.

పొద్దున రాగానే ఎస్‌ఇన్ఫోకి పెద్ద ఆర్ తగిలించి కొట్టు. పక్కన పెట్టిన నోడ్లు (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్), ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎందుకు, అన్నీ వస్తాయి. తర్వాత క్యూ చూపించే ఎస్‌క్యూ. ఆగి ఉన్న ప్రతి జాబ్‌కీ (యూజర్ నడపమని ఇచ్చిన పనికి) చివరి కాలమ్‌లో ఒక రీజన్ ఉంటుంది. "నా జాబ్ కదలట్లేదు మేడమ్" అని వచ్చేవాళ్ళలో సగం మందికి జవాబు అక్కడే ఉంది. ప్రయారిటీ అని ఉంటే ముందు వేరేవాళ్ళున్నారని. రిసోర్సెస్ అని ఉంటే వంతు వచ్చింది కానీ అడిగినంత చోటు లేదని. క్యూఓఎస్ (ఎవరెంత వాడొచ్చో చెప్పే నియమాల గుంపు) అని మొదలైతే ఏదో లిమిట్ తగిలింది. డిపెండెన్సీ నెవర్ శాటిస్‌ఫైడ్ అని ఉంటే మాత్రం నువ్వే కబురు పెట్టు. ఇది ఆధారపడ్డ ముందు జాబ్ ఫెయిలైపోయింది, ఇది ఇక కదలదు, ఆ పిల్లాడేమో రోజూ లాగిన్ అయి చూసుకుంటూ ఉంటాడు.

రిసోర్సెస్ దగ్గర కాస్త ఆగు, అసలు గొడవలన్నీ అక్కడే. 48 కోర్లు, 192 జీబీ మెమరీ ఉన్న నోడ్ అనుకో. ఎవరో ఒకే ఒక్క కోర్ అడిగారు, స్క్రిప్ట్‌లో మెమరీ దగ్గర సున్నా పెట్టారు. సున్నా అంటే ఏమీ అక్కర్లేదని వాళ్ళనుకున్నారు, స్లర్మ్ లెక్కలో మాత్రం నోడ్‌లో ఉన్న మెమరీ మొత్తం కావాలని. 47 కోర్లు ఖాళీగా ఉంటాయి, ఇంకొకరు అడుగు పెట్టలేరు. ఎస్‌ఇన్ఫోలో ఆ నోడ్ మిక్స్‌డ్ (కొంత వాడకంలో, కొంత ఖాళీ) అని కనిపిస్తుంది, బయట క్యూ పెరిగిపోతుంది, "కోర్లు ఖాళీగా ఉంటే మాకెందుకివ్వరు" అని హెచ్‌ఓడీ నుంచి మెయిల్ వస్తుంది. ఎస్‌కంట్రోల్ షో నోడ్ కొట్టి ఆలొకేట్ అయిన మెమరీ, ఆలొకేట్ అయిన సీపీయూ పక్కపక్కన చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇలాంటి స్క్రిప్ట్‌ని సీనియర్ నుంచి జూనియర్ కాపీ చేసుకుంటూ పోతారు, కాబట్టి ఆ ల్యాబ్‌లో ఒక్కరికి చెబితే చాలదు, అందరినీ కూర్చోబెట్టి చెప్పు.

టైమ్ లిమిట్ సంగతీ ఇలాంటిదే. రెండు గంటల పనికి మూడు రోజులు అడుగుతారు, ఎందుకైనా మంచిదని. ముప్పై మంది పెళ్ళివారి కోసం హోటల్లో టేబుళ్ళు ఒక్కొక్కటీ ఖాళీ చేయిస్తుంటే, ఆలోగా ఒక్కడొచ్చి ఇడ్లీ తిని లేచిపోవచ్చు కదా, స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ చేసేది అదే. కానీ లేచేది ఎప్పుడో నిజం చెప్పినవాడికే చోటిస్తుంది. మూడు రోజులన్నవాడు క్యూలోనే ఉంటాడు. ఎస్‌క్యూకి స్టార్ట్ ఆప్షన్ ఇస్తే ఎప్పుడు మొదలవ్వచ్చో అంచనా చెబుతుంది, అది ఇలాంటి లెక్కల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఎవరికీ మాట ఇవ్వకు. రన్ అవుతున్న జాబ్‌కి టైమ్ పెంచమని అడిగితే పెంచగలిగేది అడ్మినే, యూజర్ తన జాబ్‌కి తగ్గించుకోగలడు కానీ పెంచుకోలేడు. ఐదు రోజులు నడిచి ఇంకో మూడు గంటల్లో అయిపోయేదైతే పెంచు, పాపం. ప్రతి వారం అడిగేవాళ్ళకి ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టేలా చెక్‌పాయింట్ ఎలా రాసుకోవాలో నేర్పు.

ఇక ప్రొఫెసర్లు. "పేపర్ డెడ్‌లైన్ ఉందమ్మా, కాస్త ముందుకు జరుపు" అంటారు. కాదనడం కష్టమే. కానీ ప్రయారిటీ అంకెను చేత్తో మార్చకు. ఒకసారి చేత్తో పెడితే అది అక్కడే బిగుసుకుపోతుంది, జాబ్ ఎంతసేపటి నుంచి ఆగి ఉందో (వయసు), ఆ యూజర్ ఇప్పటికే ఎంత వాడాడో (ఫెయిర్‌షేర్) చూసి స్లర్మ్ మళ్ళీ లెక్కవేయదు. అర్జెంట్ పనులకని వేరే క్యూఓఎస్ ఒకటి పెట్టి, ఎవరికి ఎంతసేపు ఇస్తారో కమిటీ చేతే రాయించు. ఎస్‌ప్రియో కొడితే ఏ జాబ్‌కి ఏ లెక్కన ఎన్ని పాయింట్లు వచ్చాయో విడివిడిగా కనిపిస్తుంది. ఆ అవుట్‌పుట్ పంపితే ఎంత పెద్దాయనైనా కాస్త మెత్తబడతాడు. నువ్వే ఏదైనా జాబ్‌ని ఆపి ఉంచాల్సి వస్తే అడ్మిన్ కామెంట్‌లో ఎందుకో రాసిపెట్టు.

జాబ్ చచ్చిపోయిందని వస్తే ఆలస్యం చెయ్యకు. అయిపోయిన జాబ్ వివరాలు ఎస్‌కంట్రోల్ దగ్గర ఐదు నిమిషాలే ఉంటాయి, ఎవరూ మార్చకపోతే. ఆ తర్వాత పాత జాబ్‌ల లెక్కలుండే ఎస్‌అకౌంట్ (sacct) లో చూడాలి. ఎంత మెమరీ వాడిందన్నది జాబ్ నంబరు పక్కన డాట్ బ్యాచ్ అని ఉన్న వరసలోనో, కింది స్టెప్ వరసల్లోనో ఉంటుంది, పై వరస ఖాళీగా ఉందని కంగారు పడకు. ఆ లెక్క కూడా మామూలుగా 30 సెకన్లకోసారి తీసుకున్నది. మెమరీ ఒక్కసారిగా ఎగిసి చచ్చిపోయిన జాబ్‌కి తక్కువ అంకె కనిపించినా, స్టేట్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటే దాన్నే నమ్ము.

నోడ్ల విషయానికొస్తే, నాకు భయం చచ్చిన నోడ్ అంటే కాదు, సగం బతికున్న నోడ్ అంటే. ఒక నోడ్‌లో స్టోరేజ్ మౌంట్, అంటే ఫైళ్ళుండే స్టోరేజ్‌తో లింకు, ఊడిపోయిందనుకో. నోడ్‌లో స్లర్మ్ తరఫున పనిచేసే స్లర్మ్‌డీ బాగానే ఉంది, నోడ్ ఐడిల్ అని చెబుతోంది. జాబ్ వెళ్తుంది, ఫైల్ దొరక్క సెకనులో పడిపోతుంది, నోడ్ మళ్ళీ ఖాళీ, మళ్ళీ జాబ్. రాత్రికి రాత్రి వందల జాబ్‌లు మింగేస్తుంది. అందుకే హెల్త్ చెక్ స్క్రిప్ట్ పెట్టు. మౌంట్‌లు, జీపీయూలు, మెమరీ సరిగా లేకపోతే అదే నోడ్‌ని డ్రెయిన్ చేసెయ్యాలి, అంటే కొత్త జాబ్‌లు రాకుండా పక్కన పెట్టెయ్యాలి. నువ్వు డ్రెయిన్ చేసేటప్పుడు స్లర్మ్ ఎలాగూ రీజన్ అడుగుతుంది. అక్కడ "ప్రాబ్లమ్" అని రాసి వదిలేయకు. తేదీ, నీ పేరు, ఏ డిమ్ (మెమరీ కార్డు) పోయిందో, వెండర్‌కి ఏ టికెట్ పెట్టావో రాయి. కిల్ టాస్క్ ఫెయిల్డ్ అని తనంతట తానే డ్రెయిన్ అయిన నోడ్‌ని చూడగానే మళ్ళీ పనిలోకి దించే రెజ్యూమ్ కొట్టకు. స్టోరేజ్ కోసం ఆగి చంపినా చావని ప్రాసెస్ ఇంకా లోపలే ఉండొచ్చు. లాగిన్ అయి చూసి, ఉంటే రీబూట్ చేశాకే రెజ్యూమ్.

జాబ్‌లను చంపే ఎస్‌క్యాన్సిల్ కొట్టేముందు అవే ఫిల్టర్లతో ఎస్‌క్యూ కొట్టి లిస్ట్ చూసుకో. అన్ని అధికారాలూ ఉన్న రూట్‌గా ఉండి యూజర్ పేరు మర్చిపోతే పార్టిషన్ (ఒక క్యూ కింద ఉన్న నోడ్ల గుంపు) మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చిన్న ఐ తగిలిస్తే ఒక్కొక్కటీ అడిగి చంపుతుంది.

మెయింటెనెన్స్‌కి ముందు రోజు అందరినీ బతిమాలుకోనక్కర్లేదు. మీ పార్టిషన్లలో గరిష్ఠ టైమ్ లిమిట్ ఎంతో, అంతకన్నా ముందే ఎస్‌కంట్రోల్‌తో రిజర్వేషన్ పెట్టేయి, ఫ్లాగ్ మెయింట్. ఆ సమయానికి పూర్తికాని జాబ్‌ని స్లర్మే మొదలుపెట్టదు. నోడ్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.

స్లర్మ్ మొత్తాన్ని నడిపే స్లర్మ్‌సీటీఎల్‌డీని రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న జాబ్‌లు పోవు, టెన్షన్ పడకు. కానీ చిన్న సీ ఆప్షన్‌తో మొదలుపెట్టకు, దాచుకున్న స్టేట్ తుడిచేస్తుంది, క్యూ ఖాళీ. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు వరస తప్పకూడదు: డేటాబేస్ బ్యాకప్ తీసుకుని ముందు స్లర్మ్‌డీబీడీ (డేటాబేస్‌ని చూసుకునేది), తర్వాత స్లర్మ్‌సీటీఎల్‌డీ, ఆఖర్న నోడ్లలో స్లర్మ్‌డీ. మొదటిదాన్ని సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సర్వీసులను నడిపేదానికి) అప్పగించకుండా చేత్తో నడుపు. ఏళ్ళ తరబడి పేరుకున్న టేబుళ్ళు మార్చడానికి గంటలు పట్టొచ్చు, మధ్యలో టైమ్‌అవుట్ అయి చంపేసిందంటే ఆ బ్యాకప్పే గతి. ఏ కారణమూ లేకుండా నోడ్ మాట్లాడటం మానేస్తే గడియారం చూడు, ఐదు నిమిషాలు తేడా వస్తే నోడ్ల మధ్య గుర్తింపు సరిచూసే మంజ్ ఒప్పుకోదు.

ఒకటి మర్చిపోయాను. క్యూ కమాండ్లు అన్నీ నత్తనడక నడుస్తున్నాయన్నావు కదా. స్లర్మ్ మీద ఎంత భారం పడుతోందో చూపే ఎస్‌డయాగ్ కొట్టి కింద యూజర్లవారీగా రిక్వెస్టుల లెక్క చూడు. ఎవరో వాచ్‌లో (ఒకే కమాండ్‌ని మళ్ళీ మళ్ళీ నడిపేదానిలో) ఎస్‌క్యూ పెట్టి సెకనుకోసారి అడుగుతూ ఇంటికెళ్ళిపోయి ఉంటారు, నా అనుమానం. ఆ అవుట్‌పుట్ నాకు వాట్సాప్‌లో పెట్టు, శనివారం కూర్చుని చూద్దాం.

పిన్ని