అచాఫలాయాలో వేట, కయాకింగ్, పక్షులు ఒకే వీకెండ్‌లో కుదురుతాయా?

మీరడిగింది ఇదీ: హ్యూస్టన్ నుంచి నలుగురు ఫ్రెండ్స్, రెండు కయాక్‌లు, ఒకరికి పక్షుల పిచ్చి, ఇద్దరికి వేట ఎలా ఉంటుందో చూడాలని ఉంది, నవంబర్‌లో ఒక వీకెండ్ పెట్టుకుంటే లూసియానాలోని అచాఫలాయా చిత్తడి అడవిలో మూడూ అయిపోతాయా అని. అవ్వవండీ. మూడూ అక్కడ బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ మూడింటికీ ఒకే కాలం కాదు. నా మాట విని రెండు ట్రిప్పులు చేసుకోండి. కయాక్, పక్షులు కలిపి మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ ఆఖరు లోపు, వేట విడిగా అక్టోబర్ నుంచి.

అక్కడ అన్నిటికీ మూలం నీటి మట్టం. మిసిసిపీ, రెడ్ రివర్ రెండిటి నీళ్ళు కలిపి చూస్తే అందులో 30 శాతం అచాఫలాయాలోకి వెళ్ళేలా ఓల్డ్ రివర్ దగ్గర 1963 నుంచి గేట్లు పెట్టి నడుపుతున్నారు. అందుకే ఎక్కడో ఒహాయో, మిన్నెసోటా వైపు కురిసిన వానా, కరిగిన మంచూ వసంతంలో ఇక్కడికి దిగుతాయి, పక్కనున్న లాఫయెట్ ఊళ్ళో చినుకు పడకపోయినా రెండు కరకట్టల మధ్య అడవి అడవంతా నీళ్ళెక్కుతుంది. అప్పుడు కయాక్‌ని సైప్రస్ చెట్ల మధ్యకే నేరుగా తోసుకుపోవచ్చు. అదే వేసవి చివరికి, శరదృతువుకి నీళ్ళు తగ్గిపోయి, చిన్న పాయల్లో చాలావరకు బురదే మిగులుతుంది, నీళ్ళలో మునిగి ఉండాల్సిన మొద్దులన్నీ పైకి తేలి దారి మూసేస్తాయి. బయల్దేరే ముందు బ్యూట్ లా రోజ్ దగ్గర నీటి మట్టం కొలిచే గేజ్ రీడింగ్ ఆన్‌లైన్‌లో చూసుకోండి, అక్కడివాళ్ళు దాన్ని చూడకుండా పడవ దించరు.

మెయిన్ నదిలోకి మాత్రం కయాక్‌తో వెళ్ళొద్దు. పైకి నిదానంగా కనిపిస్తుంది గానీ లోపల లాగుడు చాలా ఎక్కువ, పైగా సరుకు మోసే బార్జీలు తిరుగుతుంటాయి. పక్క పాయల్లోనే ఉండండి. లోపలికి వెళ్ళాక ఏ చెట్టు చూసినా ఒకేలా ఉంటుంది, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకుని, పడవ దించే ఏ ర్యాంప్ నుంచి దిగుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి. మొసళ్ళు కనిపిస్తాయి, మీరు దగ్గరికి పోకపోతే, తిండి వెయ్యకపోతే వాటి దారిన అవి పోతాయి. నాకు వాటికంటే టెన్షన్ పెట్టేది కాటన్‌మౌత్ అనే విషపాములు, అందుకే వాలిన కొమ్మల కింద నుంచి దూరను.

పక్షుల ఫ్రెండ్ కోసం ఒక మాట. అచాఫలాయా బేసిన్‌కి పడమటి కరకట్ట అవతల, బ్రో బ్రిడ్జ్ ఊరి దగ్గర లేక్ మార్టిన్ ఉంది, ముందు అక్కడికి తీసుకెళ్ళండి. వసంతంలో తెల్ల కొంగలు, గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు చెట్లనిండా గూళ్ళు కట్టుకుని పిల్లల్ని మేపుతుంటాయి. గూళ్ళకి దూరంగానే ఆగండి, ఫొటో కోసం దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది, ఎండకి పిల్లలు చచ్చిపోతాయి. నాకైతే అన్నిటికంటే ఇష్టమైనది ప్రోథోనోటరీ వార్బ్లర్, పిడికెడు కూడా ఉండదు, పసుపు ముద్దలా ఉంటుంది. ఏప్రిల్‌లో మా కయాక్‌కి రెండు బారల దూరంలో, నీళ్ళలో నిలబడి ఎండిన మొద్దుకి వడ్రంగిపిట్ట పొడిచి వదిలేసిన తొర్రలోకి నాచు ముక్కలు ముక్కున పెట్టుకొచ్చి కుక్కుతూ కనిపించింది. మేం తెడ్డు ఎత్తి కదలకుండా కూర్చున్నంతసేపూ దాని పని అది చేసుకుంటూనే ఉంది. చలికాలం దక్షిణాన గడిపి, మెక్సికో గల్ఫ్ దాటి వచ్చే పిట్ట అది.

ఇక వేట. షెర్బర్న్ అని 40 వేల ఎకరాలు దాటిన ప్రభుత్వ వన్యప్రాణి ప్రాంతం ఐ-10 హైవేకి ఆనుకునే ఉంది, విస్కీ బే ఎగ్జిట్‌లో దిగితే చాలు. జింకలు, ఉడతలు, కుందేళ్ళు, బాతులు, వుడ్‌కాక్ పక్షులు, వేటికి సీజన్ వాటికి విడిగా ఉంటుంది. 18 దాటిన ఎవరైనా, వేటాడకుండా ఊరికే పిట్టల్ని చూడ్డానికి వెళ్ళినా సరే, యాక్సెస్ పర్మిట్ కొనాలి. మీరు టెక్సస్ వాళ్ళు కాబట్టి నాన్‌రెసిడెంట్ హంటింగ్ లైసెన్స్ కావాలి, 1969 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. బాతులకైతే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (బాతుల వేటకి కేంద్ర ప్రభుత్వం అమ్మే స్టాంప్) అదనం, సీసం గుండ్లు వాడకూడదు.

ఒక్క విషయం మాత్రం చాలా జాగ్రత్తగా చదవండి. మీలో హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఎవరైనా ఉంటే, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఫ్రెండ్ తుపాకీ కాసేపు పట్టుకున్నా దాని కిందికే రావచ్చు. చెల్లుబాటయ్యే రాష్ట్ర హంటింగ్ లైసెన్స్ ఉండటం మినహాయింపుల్లో ఒకటి. అయినా ముందు లాయర్‌ని అడిగాకే అడుగెయ్యండి, ఒక ఉడత కోసం గ్రీన్ కార్డు మీదికి తెచ్చుకోకూడదు.

మొదటిసారి బాతులూ జింకలూ వద్దు, అక్టోబర్‌లో ఉడతల సీజన్ మొదలయ్యాక బాగా తెలిసిన లోకల్ వేటగాడితో వెళ్ళండి. నేను నాతో పనిచేసిన ఒక కేజన్ (లూసియానాలో ఫ్రెంచ్ మూలాలున్నవాళ్ళు) పెద్దాయన వెంట వెళ్ళాను. తెల్లవారకముందే చెట్టుకి వీపు ఆనించి కూర్చోబెట్టి, కళ్ళతో వెతక్కు, చెవులతో వెతుకు అన్నాడు. కాస్త వెలుతురు రాగానే పైన కొరికిన పెకాన్ కాయల పొట్టు ఎండుటాకుల మీద టపటపా రాలడం మొదలైంది, ఉడత ఏ కొమ్మ మీదుందో ఆ చప్పుడే చెప్పింది. పక్షులు చూడ్డానికి కూడా ఇంతకన్నా మంచి పాఠం నాకెవరూ చెప్పలేదు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి మనసొప్పకపోవచ్చు, నాకూ మొదట్లో అలాగే ఉండేది. కానీ ఇక్కడ 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణులకే ఖర్చవుతోంది, డక్ స్టాంప్ డబ్బు దాదాపు అంతా చిత్తడి నేలలు కొనడానికే పోతుంది. మీ పక్షుల ఫ్రెండ్ వేటాడకపోయినా ఆ స్టాంప్ ఒకటి కొనమనండి. తుపాకుల సీజన్‌లో అడవిలో కాలు పెడితే మాత్రం అందరూ, వేటాడనివాళ్ళు కూడా, ఆరెంజ్ జాకెట్, టోపీ వేసుకోండి.

చివరగా కయాక్ సంగతి. మాది కైకలూరు వైపు, కొల్లేటిని గుర్రపుడెక్క ఎలా కమ్మేస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. అదే మొక్క అచాఫలాయాలోనూ ఉంది, దానికి తోడు జెయింట్ సాల్వీనియా అనే నీటి కలుపు. గాలి మారితే పొద్దున వెళ్ళిన పాయ సాయంత్రానికి మూసుకుపోతుంది, అందుకని తిరుగు దారి రెండోది చూసి పెట్టుకోండి. ర్యాంప్ దగ్గరే కయాక్ తిరగేసి, నీళ్ళు వంచి, తెడ్డుకీ సీటు కిందా అంటుకున్న ఆకులు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేశాకే కారుకి కట్టండి. అందులో చిన్న ముక్క టెక్సస్ చెరువులో పడినా అక్కడ కూడా అల్లుకుపోతుంది.